ఎవరి చేతి మిఠాయి?

డిసెంబరు మొదటి వారంలో ఒక రోజు మా వంటిల్లంతా పుదీనా వాసన వేస్తుంది. పచ్చడి చేసుకునే పుదీనా కాదు, పెప్పర్‌మింట్. ముక్కులోంచి చల్లగా తలకెక్కే వాసన. నల్ల చాక్లెట్ కరిగించి, కాగితం పరిచిన పళ్ళెంలో పలచగా పోస్తాను. తెల్ల చాక్లెట్ విడిగా కరిగించి, నాలుగు చుక్కలు పెప్పర్‌మింట్ నూనె కలిపి దానిమీద పోస్తాను. ఎర్రచారల క్రిస్మస్ బిళ్ళల్ని గుడ్డలో మూటకట్టి అప్పడాల కర్రతో చితక్కొట్టి పైన జల్లుతాను. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చేతికొచ్చినట్టు విరిచి, డబ్బాల్లో సర్ది రిబ్బను కడతాను. చెట్టు బెరడులా పెళ్ళలు పెళ్ళలుగా విరుగుతుంది కాబట్టి దీన్ని పెప్పర్‌మింట్ బార్క్ అంటారు. అమెరికాలో క్రిస్మస్‌కి ఇంట్లో చేసి పంచే మిఠాయిల్లో ఇంతకంటే సులభమైంది లేదంటారు.

నాకిది నేర్పింది మా పక్కింటావిడ. 2003లో మా ఆయన ఉద్యోగం వల్ల మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ వచ్చాం. ఆవిడకి అప్పటికే డెబ్బై దాటాయి, ఒక్కతే ఉండేది. "తడి తగలనివ్వకు, అంతే. ఒక్క నీటిబొట్టు పడ్డా చాక్లెట్ మొత్తం ముద్దయి కూర్చుంటుంది" అంటూ గరిటెని మూడుసార్లు తుడిచింది. భర్త వీసా మీద వచ్చినదాన్ని కాబట్టి జీతానికి పనిచేసే హక్కు నాకు లేదు. ఒక లైబ్రరీలో జీతం లేకుండా పుస్తకాలు సర్దేదాన్ని. ఆ ఏడాది క్రిస్మస్‌కి అక్కడివాళ్ళ కోసం పన్నెండు డబ్బాలు చేసి, పేర్లు రాసి తీసుకెళ్ళాను.

"ఇంట్లో చేసిందా?" అని అడిగిందొకామె. ఔనన్నాను సంతోషంగా. ఆమె నవ్వి, డబ్బా తీసి కిటికీ పక్కన పెట్టింది. కొత్త సంవత్సరం వెళ్ళాక కూడా అది అక్కడే ఉంది, రిబ్బను విప్పకుండా. దాని పక్కనే ఎవరో కొని తెచ్చిన చాక్లెట్ పెట్టె ఖాళీ అయిపోయింది. ఆమెకి చాక్లెట్ పడదేమో, తీపి మానేసిందేమో. ఏదైనా కావచ్చు. కానీ ఆ విప్పని డబ్బాని నేను అంతకు ముందెక్కడో చూశాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మా ఇల్లు మాలపల్లెలో, చర్చి వెనక. మా అమ్మ ఊరి బడిలో టీచరు. క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు బియ్యం నానబోసి, దంచి, జల్లించి, బెల్లం పాకం పట్టి అరిసెలు చేసేది. చుట్టాలకీ, పల్లెలో అందరికీ పంచాక, తనతోపాటు బళ్ళో పనిచేసే ఇద్దరు టీచర్ల ఇళ్ళకి నాతో పంపేది. వాళ్ళు ఊళ్ళో ఉండేవాళ్ళు. "అరుగు మీద పెట్టి వెళ్ళమ్మా" అనేది లోపలినుంచి ఒక గొంతు. ఒకసారి పళ్ళెం మర్చిపోయి వెనక్కి వెళ్ళాను. గేదె కుడితి తొట్టి దగ్గర అరిసెలున్నాయి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పలేదు. చెప్పకపోయినా అమ్మకి తెలుసనుకుంటాను. ఎందుకంటే ఆ మరుసటేడు ఆ రెండిళ్ళకీ అరిసెలు పంపలేదు. బజారునుంచి న్యూట్రిన్ చాక్లెట్ల పొట్లాలు తెప్పించి పంపింది. చిత్తూరులో తయారయ్యే చాక్లెట్లు, ఒక్కోదానికీ కాగితం చుట్టి ఉండేవి. ఈసారి గొంతు కాదు, మనిషే బయటికొచ్చి అందుకుంది. ఆ చాక్లెట్లని చిత్తూరులో ఎవరు పోశారో, ఎవరు కాగితాలు చుట్టారో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. కాగితం చుడితే చెయ్యి మాయమైపోతుందన్న మాట.

లైబ్రరీలో పాత వంట పుస్తకాల అలమర నా వంతుకొచ్చింది. చేతిలో పని తక్కువ, ఆ డబ్బా మీద బాధ ఎక్కువ. అమెరికాలో ఇంట్లో చేసిన మిఠాయి కథ అలా చదవడం మొదలుపెట్టాను.

బార్క్ అన్నది కొత్త సంగతే. విలియమ్స్ సొనోమా అనే దుకాణాల సంస్థ 1998లో అమ్మకానికి పెట్టాక ఊరూరా పాకింది. కానీ ఆడవాళ్ళు చాక్లెట్ మిఠాయి చేసి పంచే అలవాటు అంతకంటే వందేళ్ళ పాతది. దాని వెంట వెళితే ఆడపిల్లల హాస్టలు గదిలో తేలాను. న్యూయార్క్ రాష్ట్రంలో వాసర్ కాలేజీ. 1888లో ఎమిలిన్ హార్ట్‌రిడ్జ్ అనే విద్యార్థిని సీనియర్ల వేలంపాట కోసం 30 పౌన్ల ఫడ్జ్ చేసింది, అంటే పదమూడు కిలోల పైమాటే. ఫడ్జ్ అంటే పంచదార, మీగడ, వెన్న, చాక్లెట్ కలిపి పాకం పట్టి, చల్లారాక బాగా కలియబెట్టి ముక్కలు కోసేది. మన పాలకోవాకి వేలు విడిచిన చుట్టం. అంతకు రెండేళ్ళ ముందు బాల్టిమోర్‌లో పౌను 40 సెంట్లకి అమ్మిన ఆ మిఠాయి విధానం తన స్నేహితురాలి చుట్టం దగ్గర సంపాదించానని ఆమె తర్వాతెప్పుడో ఒక ఉత్తరంలో రాసింది. ఒక మిఠాయి పుట్టుక గురించి ఆడమనిషి స్వయంగా రాసిన కాగితం మిగలడం అరుదు. అది పెద్దవంట కాదనీ, అల్లరి పిల్లల పని అనీ ఎవరూ చరిత్ర రాయడానికి పోటీపడలేదు కాబట్టి మిగిలిందేమో!

ఆ అల్లరి ఏపాటిదో అర్థం కావాలంటే మరో పుస్తకం పేరు చెప్పాలి. 1873లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే బోస్టన్ డాక్టరు 'సెక్స్ ఇన్ ఎడ్యుకేషన్' అని రాశాడు. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే నెత్తురంతా మెదడుకెక్కి గర్భాశయం దెబ్బతింటుందని అతని వాదం. వాసర్‌లో చదివి జబ్బుపడ్డ పిల్ల అంటూ ఒక ఉదాహరణ కూడా ఇచ్చాడు. త్వరగా పడుకోవాలి, తక్కువ చదవాలి, మితంగా తినాలి. అలాంటి రోజుల్లో దీపాలార్పే వేళ దాటాక, గదుల్లో గ్యాస్ మంట మీదా స్పిరిట్ పొయ్యి మీదా పంచదార పాకం పట్టుకుంటూ కబుర్లాడుకునే పిల్లల్ని ఊహించుకోండి. మరియా మిచెల్ పిల్లల్ని రాత్రిళ్ళు మేలుకోబెట్టి చుక్కలు చూపించిన కాలేజీ అది. మగ ప్రొఫెసర్లతో సమానంగా జీతమిమ్మని అడిగిన ఆ ఖగోళ శాస్త్రవేత్త రిటైరైంది కూడా 1888లోనే. వాసర్ నుంచి ఫడ్జ్ ఇతర ఆడపిల్లల కాలేజీలకి పాకింది. స్మిత్‌లో బెల్లపు పాకం కలిపారు, వెల్లెస్లీలో మార్ష్‌మెలో కలిపారు. ఒక్కో కాలేజీ పేరుతో ఒక్కో రకం.

ఇక్కడివరకూ చదివి నేను మురిసిపోయాను. తర్వాత అనిటా హెమింగ్స్ కథ కనబడింది. ఆమె 1897లో వాసర్‌లో పట్టా పుచ్చుకుంది. నల్లజాతి అమ్మాయి. రంగు తెలుపు కాబట్టి తెల్లజాతిదానిగానే చెలామణి అయింది. నాలుగో ఏడు ముగుస్తుండగా గదిలో తనతో ఉండే అమ్మాయికి అనుమానం వచ్చింది. ఆ అమ్మాయి తండ్రి మనిషిని పెట్టి కూపీ లాగించాడు. నిజం బయటపడింది, పత్రికలకెక్కింది. పట్టా అయితే ఇచ్చారు. కానీ వాసర్ నల్లజాతి విద్యార్థినుల్ని బాహాటంగా చేర్చుకున్నది 1940లో మాత్రమే. ఆ నాలుగేళ్ళలో అనిటా కూడా ఎన్నో రాత్రులు ఫడ్జ్ గరిటె తిప్పే ఉంటుందని నేననుకుంటాను. ఆమె కలిపిన గిన్నెలోది తిన్న ఆ గదిపిల్ల నిజం తెలిశాక ఏం గుర్తుచేసుకుందో! నాకు మాత్రం కుడితి తొట్టి గుర్తొచ్చింది.

"శుభ్రమైన చేతులు" అన్న మాట ఆ కాలపు వంట పుస్తకాల్లో మాటిమాటికీ తగులుతుంది. దానికి కారణం లేకపోలేదు. చౌకబారు మిఠాయిల్లో ఏం కలిపేవారో 1906 నాటి శుద్ధ ఆహార చట్టం చూస్తే తెలుస్తుంది. తెల్లమట్టి, బెరైట్స్, టాల్క్, క్రోమ్ పసుపు మిఠాయిల్లో కలపకూడదని అందులో పేరుపేరునా రాయాల్సివచ్చింది. కాబట్టి తల్లులారా, మిఠాయి ఇంట్లోనే చేయండి అన్నారు. నిజమే, మంచిదే. అయితే ఆ భయంలో రాతిపొడి ఎంతో, ఫ్యాక్టరీల్లో పనిచేసే వలస ఆడవాళ్ళ చేతులంటే ఏవగింపు ఎంతో విడదీసి చెప్పడం కష్టం. "మనిషి చెయ్యి తగలనిది" అని ఆ రోజుల్లో తిండి కంపెనీలు గొప్పగా ప్రకటించుకునేవి. ఆ మాట చదివినప్పుడు మా ఊరి అరుగు మీద కూర్చున్నట్టే ఉంది.

చెయ్యి తగలకుండా చాక్లెట్ ఎక్కడ తయారయ్యేది? నాణ్యమైన రకాన్ని ఆడవాళ్ళు ఒట్టి చేత్తో ముంచేవారు. పాలరాతి పలక మీద కరిగిన చాక్లెట్‌ని అరచేత్తో కలుపుతూ, ఒక్కో మిఠాయి ఉండని ముంచి తీసి, వేలితో పైన ఒక సుడి పెట్టేవారు. లోపల ఏముందో ఆ సుడిని బట్టి తెలుస్తుంది. పెప్పర్‌మింట్‌కి ఒక సుడి, నారింజకి ఒకటి. ఆ పని రావడానికి నెలలు పట్టేది. చాక్లెట్ చెడకూడదు కాబట్టి ఆ గదులు చల్లగా ఉంచేవారు. అందులో పదేసి గంటలు కూర్చునే ఆడవాళ్ళ ఒళ్ళు చల్లబడితే అడిగేవాళ్ళు లేరు. క్రిస్మస్ ముందు ఆగస్టు, సెప్టెంబరుల్లో గుంపులుగా పనిలోకి తీసుకుని, పండగ కాగానే ఇంటికి పంపేసేవారు. 1928లో న్యూయార్క్ కన్స్యూమర్స్ లీగ్ క్యాండీ ఫ్యాక్టరీల తెరవెనక సంగతుల మీద ఒక నివేదిక వేసింది. ఆ లీగ్‌లో ఉన్నది ఎక్కువగా చదువుకున్న, కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళు. కొనేవాళ్ళు చేసేవాళ్ళ గురించి అడగాలన్నది వాళ్ళ పట్టు.

ఆ పట్టు వాళ్ళతో మొదలైందీ కాదు. 1791-92లోనే ఇంగ్లండులో వేలాది కుటుంబాలు కరీబియన్ బానిసలు పండించిన చక్కెర మానేశాయి. ఇంట్లోకి ఏ చక్కెర రావాలో తేల్చేది ఆడవాళ్ళు కాబట్టి పార్లమెంటులో నోరులేని వాళ్ళకి టీబల్ల మీద నోరొచ్చింది. 1824లో ఎలిజబెత్ హేరిక్ బానిసత్వాన్ని మెల్లమెల్లగా కాదు, ఇప్పుడే రద్దు చేయాలని కరపత్రం రాసి, మగ నాయకులకంటే ముందుకెళ్ళింది. ఆ రోజుల్లో "ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసింది కాదు" అని రాసిన పింగాణీ గిన్నెలు అమ్మేవారు. ఆ గిన్నె ఫోటో చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఈస్టిండియా అంటే మనమే కదా. మన దేశంలో బానిసత్వాన్ని చట్టం గుర్తించకుండా పోయింది 1843లో. పాలేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎంత మంచి మనసుతో అడిగినా, చెయ్యి దూరమైతే సరిగ్గా కనబడదు.

అమ్మకానికొచ్చాక మిఠాయిల మీద ఆడవాళ్ళ పేర్లూ మొహాలూ వెలిశాయి. ఫానీ ఫార్మర్ 1896లో 'బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్ బుక్' రాసింది. చిటికెడు, గుప్పెడు అనే లెక్కలు తీసేసి, గిన్నె నిండా పోసి పైన చాకుతో గీసి కొలవమని నేర్పింది ఆవిడే. ప్రచురణకర్తలకి నమ్మకం లేక, మొదటి ముద్రణ 3,000 కాపీల ఖర్చు ఆమెనే పెట్టుకోమన్నారు. కాపీరైటు ఆమె దగ్గరే ఉండిపోవడం ఆమె అదృష్టం. 1915లో చనిపోయింది. 1919లో రోచెస్టర్‌లో ఒకాయన తన మిఠాయి దుకాణాలకి ఆమె పేరే పెట్టాడు, స్పెల్లింగులో చిన్న తేడాతో. ఆ దుకాణాలతో ఆమెకేమీ సంబంధం లేదు. 1921లో లాస్ ఏంజలస్‌లో సీస్ క్యాండీస్ మొదలైంది. మేరీ సీ అనే ముసలావిడ వంట విధానాలే దాని పెట్టుబడి, ఆవిడ ఫోటోయే గుర్తు. 1972లో వారెన్ బఫెట్ పరమైంది. పెట్టె మీద ఆవిడ ఇప్పటికీ కళ్ళద్దాలు పెట్టుకుని చల్లగా చూస్తూ ఉంటుంది. వాల్టర్ బేకర్ చాక్లెట్ మీదైతే పళ్ళెంతో చాక్లెట్ మోసుకొస్తున్న పనమ్మాయి బొమ్మ. న్యూ ఆర్లీన్స్ వీధుల్లో పెకన్ పప్పుల ప్రలీన్లు చేసి అమ్మింది నల్లజాతి ఆడవాళ్ళు. తర్వాత కంపెనీలవాళ్ళు తలగుడ్డ కట్టుకుని పళ్ళికిలించే నల్లజాతి ఆయా బొమ్మని ఆ డబ్బాల మీదకెక్కించి వ్యాపారం చేసుకున్నారు. మొహం కావాలి, చెయ్యి వద్దు.

యుద్ధకాలంలో, 1942 నుంచి 1947 దాకా చక్కెరకి రేషను. ఆ తర్వాత వచ్చిన సులభ మిఠాయిల కాలమే మా పక్కింటావిడది. డబ్బాపాలు పోసి చాక్లెట్ కరిగిస్తే చాలు, పాకం పని లేదు. ఆ ఫడ్జ్‌కి డబ్బాపాల కంపెనీ పెట్టిన పేరుకి అర్థం 'తెలివితక్కువ వాళ్ళకైనా కుదిరేది' అని. ఆ తెలివితక్కువవాళ్ళు ఎవరని అనుకున్నారో వేరే చెప్పాలా? అయితే ఆ సులభం వెనక ఇంకో నిజం ఉంది. ఆవిడ ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది. డ్యూటీ దిగొచ్చి, పిల్లల టీచర్లకీ, పోస్టుమాన్‌కీ, చర్చిలో ముసలివాళ్ళకీ, భర్త ఆఫీసులో వాళ్ళకీ కలిపి ఏటా నలభై డబ్బాలు కట్టేది. డబ్బాల మీద భర్త పేరే ముందుండేది. సులభమైన వంటలు రాకపోతే ఆవిడకి నిద్రే ఉండేది కాదు. ఏ మగవాడూ నలభై డబ్బాలు కట్టమని ఆవిడని అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

మా ఊరి సంగతి చెప్పకపోతే పెప్పర్‌మింట్‌కి అన్యాయం. పందొమ్మిదో శతాబ్దం చివర కలమజూ చుట్టుపక్కల బురదనేలలన్నీ పెప్పర్‌మింట్ తోటలే. ఆల్బర్ట్ టాడ్ అనే ఆయన ఆ నూనె బట్టీలతో పెప్పర్‌మింట్ రాజనిపించుకున్నాడు. పెప్పర్‌మింట్ రెండు పుదీనాల సంకరం, విత్తనం కట్టదు. వేరుతీగల్ని తవ్వి, ముక్కలు చేసి, సాళ్ళలో వంగి నాటుకుంటూ పోవాలి. వంగి నాటడం అంటే ఏమిటో వరినాట్లు వేసిన మా అమ్మమ్మని అడగాలి. తర్వాత వడలు తెగులు తగిలి పంట చాలావరకు పడమటి రాష్ట్రాలకి పోయింది. ఎర్రచారల కర్రబిళ్ళల వంకీలు కూడా 1950లలో యంత్రం వచ్చేదాకా చేత్తో వంచినవే. ఇక చాక్లెట్ సంగతి. కోట్ డి ఐవరీ, ఘనా తోటల్లో పిల్లల చాకిరీ మాన్పిస్తామని పెద్ద కంపెనీలు 2001లో ఒప్పందం మీద సంతకం పెట్టాయి. 2005 గడువు దాటిపోయింది, తర్వాతి గడువులూ దాటాయి. ఏలూరు వైపు కొబ్బరి తోటల నీడలో ఆడకూలీలు కోకో కాయలు కొట్టి గింజలు తీయడం సెలవుల్లో వెళ్ళినప్పుడు నేను చూశాను. అందులో ఒకామె చాక్లెట్ ఎప్పుడైనా తిన్నావా అని అడిగితే, "పిల్లోళ్ళు తింటారు గదమ్మా" అంది.

2006 డిసెంబరులో అమ్మ మా దగ్గరికొచ్చింది. నేను పాత పద్ధతిలో ఫడ్జ్ చేస్తున్నాను, థర్మామీటరు పెట్టుకుని. 235 డిగ్రీల ఫారన్‌హీట్‌కి రావాలని పుస్తకంలో ఉంది. అమ్మ నా పక్కన నిలబడి కాసేపు చూసింది. గరిటెతో ఒక చుక్క తీసి చన్నీళ్ళ గిన్నెలో వేసి, వేళ్ళతో దగ్గరికి తీసింది. మెత్తని ఉండ అయింది. "ఉండపాకం వచ్చింది, దింపు" అంది. థర్మామీటరు చూశాను. 236. అమెరికన్ పుస్తకాల్లో కూడా ఆ పాకం పేరు మెత్తని ఉండే అని చెప్పాను. "మరింకేం పేరు పెడతారు?" అంది అమ్మ.

మర్నాడు అమ్మ అరిసెలు చేసింది. ఇండియన్ కొట్లో దొరికిన బెల్లం, మిక్సీలో పట్టిన బియ్యప్పిండి. ఏడో ఎనిమిదో పళ్ళెంలో పెట్టి, పక్కింటికి ఇచ్చొస్తానంది. ఫోన్ చేసి చెప్తానుండు అన్నాను. అమ్మ వినలేదు. స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని మంచులో నడిచింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. తలుపు తెరుచుకుంది. అమ్మ పళ్ళెం చాచింది, లోపలికి అడుగు పెట్టలేదు. గడప పక్కన ఎక్కడ పెట్టమంటారా అన్నట్టు వంగింది. ఆవిడ పళ్ళెం అందుకుంది. గుమ్మంలోనే నిలబడి, చలిగాలి లోపలికి కొడుతుంటే, ఒక అరిసె తీసి కొరికింది. నములుతూ ఏదో అడుగుతోంది. అమ్మకి ఆ ఇంగ్లీషు అర్థం కాక చేతులతో బియ్యం దంచి చూపిస్తోంది.

పళ్ళెం సాయంత్రం వెనక్కొచ్చింది. కడిగి, తుడిచి, అందులో పెప్పర్‌మింట్ బార్క్ పెట్టి ఉంది. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, చలికాలంలో ఇంత చల్లనిదేం తిండే అంది. తర్వాత ఖాళీ పళ్ళేన్ని రెండోసారి తనే కడిగి, అలమరలో పెట్టకుండా బల్లమీద ఉంచింది.

"రేపు మళ్ళీ ఏం చేద్దాం?" అంది.